మాంటిస్సోరి టీచర్ చదువు: పద్ధతి ఒకచోట, గుర్తింపు ఇంకోచోట

క్లుప్తంగా: ‘మాంటిస్సోరి టీచర్ ట్రైనింగ్’ అన్న ఒకే పేరు కింద నిజానికి రెండు మూడు వేర్వేరు చదువులు ఉన్నాయి. కొన్ని పద్ధతిని లోతుగా నేర్పుతాయి, కానీ ప్రభుత్వ కొలువుకు అర్హత ఇవ్వవు. డీఎడ్, బీఈడీ అర్హత ఇస్తాయి, కానీ ఆరేళ్ల లోపు పిల్లల గదిలో కూర్చోబెట్టవు. రెండింటినీ కలిపే విశ్వవిద్యాలయ చదువు అమెరికాలో కొన్నిచోట్ల నడుస్తోంది. మన దగ్గర అది ఎందుకు కుదరలేదు, జాతీయ విద్యావిధానం వల్ల ఏం మారవచ్చు, విశాఖపట్నంలో ఈ చదువు కోరుకునేవాళ్లు ఏం చూసుకోవాలి అన్నవి ఇక్కడి విషయాలు.

ఇంటర్ ఫలితాలు వచ్చాక విశాఖలో ద్వారకానగర్ నుంచి గాజువాక దాకా కోర్సుల కరపత్రాలు చేతికందుతాయి. వాటిలో ఇంజనీరింగ్, నర్సింగ్ పక్కన మాంటిస్సోరి టీచర్ ట్రైనింగ్ కూడా ఉంటుంది. ఒకటి ఆరు నెలలంటుంది, ఇంకొకటి ఏడాదంటుంది, మరొకటి ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చంటుంది. పెళ్లయ్యాక చదువు ఆగిపోయిన అమ్మాయి, డిగ్రీ చేసి ప్లే స్కూల్లో పనికి కుదిరిన అమ్మాయి, పిల్లల్ని బడికి పంపాక మళ్లీ ఏదైనా చేద్దామనుకునే తల్లి దాదాపు ఒకే ప్రశ్న వేస్తారు. ఇది యూనివర్సిటీ సర్టిఫికెట్టేనా? దీంతో ప్రభుత్వ టీచర్ కొలువుకు డీఎస్సీ రాయొచ్చా?

ఈ రెండు ప్రశ్నలకూ జవాబు చాలావరకు ‘కాదు’ అనే వస్తుంది. ఎందుకు కాదో తెలియాలంటే మాత్రం కాస్త వెనక్కి వెళ్లాలి.

పేరు ఎవరి సొత్తూ కాదు

మరియా మాంటిస్సోరి ఇటలీ వైద్యురాలు. 1870లో పుట్టారు, 1896లో రోమ్‌లో వైద్య పట్టా పొందారు. 1907 జనవరి 6న రోమ్‌లోని శాన్ లొరెంజో అనే పేదల వాడలో తొలి ‘పిల్లల ఇల్లు’ తెరిచారు. పద్ధతి పేరు పాకాక శిక్షణ నాణ్యత నిలవాలని 1929లో అసోసియేషన్ మాంటిస్సోరి ఇంటర్నేషనల్‌ను స్థాపించారు. ఏఎంఐగా పిలిచే ఈ సంస్థ కేంద్రం ఇప్పుడు ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉంది. 1960లో అమెరికాలో అమెరికన్ మాంటిస్సోరి సొసైటీ విడిగా మొదలైంది. ఆ పేరు మీద హక్కు ఎవరిదన్న తగాదా అక్కడి ట్రేడ్‌మార్కు అధికారుల ముందుకు వెళ్లింది. ‘మాంటిస్సోరి’ అన్నది ఒక పద్ధతికి మామూలు పేరు, ఏ ఒక్క సంస్థా దాన్ని తనదని చెప్పుకోవడానికి వీల్లేదని 1967లో తేలింది.

దాని ఫలితం మన వీధుల్లోనూ కనిపిస్తుంది. ఎవరైనా ఆ పేరుతో బడి పెట్టవచ్చు, ఎవరైనా ఆ పేరుతో సర్టిఫికెట్ అచ్చువేయవచ్చు. తెలుగునాట ఈ పేరుకు ఉన్న గౌరవం కూడా చిన్నది కాదు. విజయవాడలో వి. కోటేశ్వరమ్మ గారు ఆడపిల్లల చదువు కోసం నడిపిన సంస్థలకు మాంటిస్సోరి పేరే పెట్టుకున్నారు, ఆ పేరుతో మహిళా కళాశాల కూడా ఉంది. అలా రెండు మూడు తరాలకు ‘మాంటిస్సోరి’ అంటే ‘మంచి బడి’ అన్న అర్థం స్థిరపడింది. మంచి బడి అన్న అర్థానికీ, మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు ఒక నిర్దిష్ట పద్ధతిలో చెప్పడం అన్న అర్థానికీ మధ్య ఉన్న ఖాళీలోనే ఇప్పటి గందరగోళమంతా పుట్టింది.

చట్టం వైపు నుంచి ఇంకో సంగతి ఉంది. యూజీసీ చట్టం, 1956 ప్రకారం డిగ్రీ ఇచ్చే అధికారం విశ్వవిద్యాలయాలకూ, పార్లమెంటు ప్రత్యేకంగా అధికారమిచ్చిన సంస్థలకే ఉంది. ‘డిప్లొమా’, ‘సర్టిఫికెట్’ అన్న మాటలకు అలాంటి కంచె లేదు. అందుకే కాగితం మీద ‘డిప్లొమా’ అని ఉన్నంత మాత్రాన దాని వెనుక విశ్వవిద్యాలయం ఉన్నట్టు కాదు.

చేతులతో నేర్చే చదువు

మాంటిస్సోరి శిక్షణ మామూలు టీచర్ చదువుకు ఎందుకు ఒదగదో అర్థం కావాలంటే ఆ గదిలో ఏం జరుగుతుందో చూడాలి. మూడు, నాలుగు, ఐదేళ్ల పిల్లలు ఒకే గదిలో ఉంటారు. గంట కొట్టి సబ్జెక్టు మార్చరు. ఉదయం దాదాపు మూడు గంటలు విరామం లేకుండా ఎవరి పని వాళ్లు ఎంచుకుని చేసుకుంటారు. ఒకడు చెంబులోంచి గ్లాసులోకి నీళ్లు ఒలకకుండా పోస్తుంటాడు, ఒకతె పప్పులో బియ్యం ఏరుతుంటుంది, ఇంకొకడు గులాబీ రంగు దిమ్మెలను ఒకదాని మీద ఒకటి పేరుస్తుంటాడు. ఆ దిమ్మెలు సరిగ్గా పది. అన్నిటికన్నా చిన్నది 1 సెంటీమీటరు ఘనం, పెద్దది 10 సెంటీమీటర్ల ఘనం. పేర్చడంలో తప్పు జరిగితే టీచర్ చెప్పక్కర్లేదు, గోపురమే వంకరగా కనిపించి చెబుతుంది. తప్పును వస్తువే చూపించేలా తయారుచేయడం ఈ పద్ధతికి ప్రాణం.

పిడులున్న చెక్క స్తూపాల పెట్టె ఇంకో ఉదాహరణ. పది స్తూపాలను వాటి గుంటల్లోంచి తీసి మళ్లీ సరైన గుంటలో పెట్టాలి. పిడిని బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలుతో పట్టుకోవాలి. అది బలపం పట్టుకునే పట్టే. పిల్ల అక్షరం ముఖం చూడకముందే చేతికి రాత అలవాటు మొదలైపోతుంది. పేర్లు నేర్పడానికి ఫ్రెంచి వైద్యుడు ఎడ్వర్డ్ సెగాన్ నుంచి తీసుకున్న మూడు అంచెల పాఠం ఉంది. ముందు ‘ఇది నునుపు, ఇది గరుకు’ అని చెబుతారు. తర్వాత ‘గరుకుది ఏదమ్మా, చూపించు’ అంటారు. అది తడబడకుండా వచ్చాకే ‘ఇది ఏమిటి?’ అని అడుగుతారు. చాలా ఎల్‌కేజీ గదుల్లో మూడో అంచెతోనే పాఠం మొదలవుతుంది. జవాబు రాని పిల్ల అక్కడే ముడుచుకుపోతుంది.

ఇదంతా నోట్సు రాసుకుంటే వచ్చేది కాదు. శిక్షణ పొందేవాళ్లు ఒక్కో వస్తువును ఎలా ఎత్తి తేవాలి, పిల్లకు ఏ పక్కన కూర్చోవాలి, చేయి కదిలేటప్పుడు నోరు ఎంత తక్కువ మెదపాలి అన్నవి సాటి విద్యార్థుల ముందు పదేపదే చేస్తారు. ప్రతి వస్తువుకూ దాని ఉద్దేశం, తగిన వయసు, చూపించే క్రమం, తప్పు తెలిసే తీరు రాసుకుంటూ ‘ఆల్బమ్’ తయారుచేస్తారు. సంగీతం గురువు దగ్గర నేర్చినవాళ్లకు ఈ తీరు కొత్తగా అనిపించదు. నడుస్తున్న తరగతిలో ఓ మూల కదలకుండా కూర్చుని గంటల తరబడి పిల్లల్ని గమనిస్తూ రాసుకోవడం ఇంకో పెద్ద భాగం. చివర్లో రాత పరీక్షతోపాటు వస్తువు ముందు కూర్చుని పరీక్షకులకు చేసి చూపే పరీక్ష కూడా ఉంటుంది.

టీచర్ ఒంట్లోకి ఈ పద్ధతి ఎంత దిగిందన్నది పిల్లల మీద కనిపిస్తుందా? అమెరికాలో మనస్తత్వవేత్త ఏంజెలిన్ లిలార్డ్ పరిశోధనలు ఈ విషయంలో ఎక్కువగా ప్రస్తావనకు వస్తాయి. 2006లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం మిల్వాకీ నగరంలో లాటరీ తగిలి మాంటిస్సోరి బడిలో చేరిన పిల్లల్నీ, లాటరీ తగలక వేరే బడులకు వెళ్లిన పిల్లల్నీ పోల్చింది. ఐదేళ్ల వయసులో చదవడం, లెక్కలు, తమను తాము అదుపులో పెట్టుకోవడం వంటి అంశాల్లో మొదటివాళ్లు ముందున్నారు. అది ఒక్క బడికి సంబంధించిన ఫలితమన్న పరిమితి దానికి ఉంది. 2012లో ఆమే చేసిన ఇంకో పోలిక మన చర్చకు మరీ దగ్గరది. పద్ధతిని ఉన్నదున్నట్టు పాటించే గదుల్లోని పిల్లలు, వర్క్‌షీట్ల వంటి వాటిని కలిపేసుకున్న మాంటిస్సోరి గదుల్లోని పిల్లలకన్నా ఆ ఏడాదిలో ఎక్కువ ముందుకు వెళ్లారు. పేరు రెండు గదుల మీదా ఒక్కటే.

తల్లిదండ్రులు ఎక్కువగా పొరబడేది కూడా ఇక్కడే. గదిలో పిల్లలు ఎంత తక్కువుంటే అంత మంచిదని అనుకుంటారు. 2013 నాటి జాతీయ శిశు సంరక్షణ, విద్యా విధానం మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు 20 మందికి ఒకరు ఉండాలంది. ఏఎంఐ సంప్రదాయంలో 30 మంది దాకా ఉన్న గదిని, శిక్షణ పొందిన ఒక టీచర్, ఒక సహాయకురాలితో నడపడం మంచిదంటారు. ఐదేళ్ల పిల్ల మూడేళ్ల పిల్లకు నేర్పుతుంది, గదిలో టీచర్లు మరీ ఎక్కువైతే ఆ అవకాశం పోతుంది అన్నది వాళ్ల వాదన. ఉమ్మడి కుటుంబంలో పెరిగినవాళ్లకు ఈ వాదన విడమరచి చెప్పనక్కర్లేదు. అయితే శిక్షణ లేని టీచర్ చేతిలో ఆ 30 మంది గది సంతలా తయారవుతుంది. అంకెల కన్నా టీచర్ చదివిన చదువే గదిని నిర్ణయిస్తుందని దీని అర్థం.

విశ్వవిద్యాలయం, మాంటిస్సోరి ఎందుకు విడిపోయాయి

1904 తర్వాత కొన్నేళ్లు మాంటిస్సోరి రోమ్ విశ్వవిద్యాలయంలోనే పాఠాలు చెప్పారు. ఆ కొలువు వదిలి సొంతంగా శిక్షణ తరగతులు నడిపారు. 1909లో మొదటి తరగతి, 1913లో రోమ్‌లో మొదటి అంతర్జాతీయ తరగతి జరిగాయి. తన చేతి మీదుగా వెళ్లనిది ఏదీ తన పద్ధతి కాదన్న పట్టుదల ఆమెది. నాణ్యతను అది కాపాడింది, విశ్వవిద్యాలయాలకు దూరమూ చేసింది. అటు వైపు నుంచీ తలుపు మూసుకుంది. 1914లో కొలంబియా విశ్వవిద్యాలయ టీచర్స్ కాలేజీకి చెందిన విలియం కిల్‌పాట్రిక్ ఈ పద్ధతిని విమర్శిస్తూ పుస్తకం రాశారు. అప్పట్లో అమెరికా టీచర్ విద్యకు ఆ కాలేజీ పెద్దదిక్కు. తర్వాత దశాబ్దాల పాటు అక్కడి విద్యా విభాగాల్లో మాంటిస్సోరి మాట పెద్దగా వినిపించలేదు.

మన దేశానికి ఆమె రాక ఒక యుద్ధకాలపు కథ. దివ్యజ్ఞాన సమాజం అధ్యక్షుడు జార్జ్ అరండేల్ పిలుపు మీద 1939 చివర్లో కొడుకు మారియోతో మద్రాసు అడయారుకు వచ్చి శిక్షణ తరగతి మొదలుపెట్టారు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో ఇద్దరూ బ్రిటిష్ ప్రభుత్వానికి శత్రుదేశస్థులయ్యారు. మారియోను నిర్బంధించారు, ఆమెను కదలనివ్వలేదు. ఆమె 70వ పుట్టినరోజుకు కొడుకును విడిచిపెట్టారు. కొన్నాళ్లు కొడైకెనాల్‌లో ఉన్నారు. ఆ ఏళ్లలో వెయ్యి మందికి పైగా భారతీయ టీచర్లు ఆమె దగ్గర నేర్చుకున్నారు. ఆమె వెళ్లాక ఆ పరంపరను ఆమెతో పనిచేసిన ఆల్బర్ట్ యూస్టెన్ కొనసాగించారు. ఇప్పటికీ చెన్నై, హైదరాబాద్, ముంబై వంటి చోట్ల ఆ శిక్షణకు వారసులున్నారు. కానీ ఇదంతా మొదటి నుంచీ విశ్వవిద్యాలయాల ప్రాకారం బయటే సాగింది.

ఆమె రాకముందే మన దేశంలో వేరే ధార ఒకటి ఉంది. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా 1920లో బాలమందిరం పెట్టి, మాంటిస్సోరి ఆలోచనను మన ఇళ్లకు, కథలకు, పాటలకు తగ్గట్టు మలిచారు. ఆయనతో పనిచేసిన తారాబాయి మోడక్, తర్వాత మహారాష్ట్రలో అనుతాయి వాఘ్‌తో కలిసి పేద, గిరిజన పిల్లల వాకిట్లోకే బడిని తీసుకెళ్లారు. ‘అంగన్‌వాడీ’ అన్న ఊహకు ఆ పనిలోనే వేళ్లున్నాయి. అరకులోయ పల్లెలో అంగన్‌వాడీకి, నగరంలో ఖరీదైన మాంటిస్సోరి బడికి ఒకే పూర్వీకులున్నారని వినడానికి వింతగా ఉన్నా, అది చరిత్రే.

ఆరేళ్ల లోపు పిల్లలు ఏ శాఖ వాళ్లు?

విశ్వవిద్యాలయాల్లో ఈ చదువు లేకపోవడానికి పాత తగాదాల కన్నా బలమైన కారణం మన పాలనలో ఉంది. 2002 నాటి 86వ రాజ్యాంగ సవరణ 6 నుంచి 14 ఏళ్ల పిల్లల చదువును ప్రాథమిక హక్కు చేసింది. ఆరేళ్ల లోపు పిల్లల సంగతిని 45వ అధికరణంలో ఆదేశిక సూత్రంగా ఉంచింది. 2009 విద్యాహక్కు చట్టం కూడా ఆరేళ్ల నుంచే హక్కు ఇస్తుంది. మూడు నుంచి ఆరేళ్ల వాళ్లకు పూర్వ ప్రాథమిక విద్య ఏర్పాట్లు చేయవచ్చని మాత్రమే 11వ సెక్షన్ ప్రభుత్వాలకు చెబుతుంది.

హక్కు లేనిచోట ప్రభుత్వ పోస్టు ఉండదు. పోస్టు లేనిచోట అర్హతకు గిరాకీ ఉండదు. గిరాకీ లేని కోర్సును కాలేజీ పెట్టదు. 1975లో మొదలైన, అంగన్‌వాడీలను నడిపే ఐసీడీఎస్ పథకం కింద ఆ పిల్లలు మహిళా శిశు సంక్షేమ శాఖకు వెళ్లారు. అక్కడ బరువు చూడటం, పోషకాహారం, టీకాల పని ముందు, చదువు ఆ తర్వాత. విద్యాశాఖకు బడి ఒకటో తరగతి నుంచే మొదలు. ఈ రెండు శాఖల సందులో మూడేళ్ల పిల్ల టీచర్ చదువు జారిపోయింది.

కాగితం మీద మాత్రం దారి ఉంది. టీచర్ విద్యను నియంత్రించే జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి, అంటే ఎన్‌సీటీఈ, 2014 నిబంధనల్లో ప్రీస్కూల్ టీచర్‌కు కనీస అర్హత చెప్పింది. ఇంటర్‌లో 50 శాతం మార్కులతోపాటు తాను గుర్తించిన సంస్థలో కనీసం రెండేళ్ల నర్సరీ లేదా పూర్వ ప్రాథమిక విద్య డిప్లొమా ఉండాలి, లేదంటే నర్సరీ బీఈడీ ఉండాలి. ఆరు నెలల మాంటిస్సోరి సర్టిఫికెట్ ఈ లెక్కలోకి రాదు. కొన్ని కేంద్రీయ విద్యాలయాల్లో 2022 నుంచి బాలవాటికలు, అంటే ఒకటో తరగతికి ముందు తరగతులు, మొదలయ్యాక ఈ నిబంధన చాలామందికి మొదటిసారి ఎదురైంది. ఏళ్ల తరబడి ప్లే స్కూళ్లలో పనిచేసి, పిల్లల్ని చక్కగా చూసుకునే టీచర్లు కూడా ఆ రెండేళ్ల డిప్లొమా గడి దగ్గర ఆగిపోతున్నారు.

విశాఖలో ఉన్న దారులు

ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో ఏర్పడింది. దాని విద్యా కళాశాలలో బీఈడీ, ఎంఈడీ ఉన్నాయి. భీమునిపట్నంలో డైట్, అంటే ప్రభుత్వ జిల్లా టీచర్ శిక్షణ సంస్థ, ఉంది. డీసెట్ అనే ప్రవేశ పరీక్ష రాసి అక్కడ రెండేళ్ల డీఎడ్ చేసి, టెట్ అనే అర్హత పరీక్ష గట్టెక్కితే డీఎస్సీలో ఎస్జీటీ, అంటే ప్రాథమిక తరగతుల టీచర్, పోస్టుకు పోటీ పడొచ్చు. బీఈడీ చేసినవాళ్లు ప్రాథమిక తరగతుల పోస్టులకు అర్హులు కారని 2023 ఆగస్టులో సుప్రీంకోర్టు తీర్పిచ్చాక డీఎడ్ విలువ పెరిగింది. సర్కారు కొలువే గురి అయితే దారి ఇదే, ఇందులో సందేహం లేదు.

కానీ ఆ చదువు లోపల చూస్తే రెండేళ్ల బీఈడీలో బడిలో గడిపే 20 వారాలూ పెద్ద తరగతుల కోసం, డీఎడ్ సాధన ఒకటో తరగతి నుంచి పైకి. పీరియడ్‌కు తగ్గ పాఠ్య ప్రణాళిక రాయడం, నల్లబల్ల ముందు నిలబడి చెప్పడం అక్కడి కొలమానం. మాంటిస్సోరి గదిలో నల్లబల్ల ముందు నిలబడే టీచర్ ఉండదు. బీఈడీలో మార్కులు తెచ్చిపెట్టిన అలవాటే అక్కడ అడ్డవుతుంది. గొంతు తగ్గించడం, పక్కకు తప్పుకోవడం, పిల్ల తంటాలు పడుతుంటే వెంటనే చేయి అందించకుండా ఆగడం అక్కడ నేర్వాలి. ఇది అన్నిటికన్నా కష్టమైన పాఠం.

ఇగ్నో ప్రాంతీయ కేంద్రం విశాఖలో ఉంది. ఇంటర్ అర్హతతో శిశు సంరక్షణ, విద్య డిప్లొమాను దూరవిద్యలో చేయవచ్చు. శిశు వికాసం గురించి మంచి అవగాహన వస్తుంది, కానీ మాంటిస్సోరి వస్తువులతో చేసే సాధన దాని ఉద్దేశం కాదు. పద్ధతినే పట్టుకోవాలనుకునేవాళ్లు చాలామంది హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లి ఏఎంఐ డిప్లొమా చేయాలి. విదేశాల్లో దానికి విలువ ఉంటుంది, మంచి ప్రైవేటు బడులు కోరి తీసుకుంటాయి. డీఎస్సీకి మాత్రం అది పనికిరాదు.

అంటే గుర్తింపు అన్న ఒక్క మాటలో మూడు గుర్తింపులు దాగి ఉన్నాయి. పద్ధతి తెలిసిన సంస్థ ఇచ్చేది ఒకటి, ప్రభుత్వ నియంత్రణ మండలి ఇచ్చేది ఇంకొకటి, జీతమిచ్చే బడి ఇచ్చేది మూడోది. ఒకటి ఉంటే మిగతావి వాటంతటవే రావు. కోర్సు అమ్మేవాళ్లు ‘అంతర్జాతీయ గుర్తింపు’ అన్నప్పుడు ఏ సంస్థ, ఏ పనికి గుర్తించిందో అడగాలి. సర్టిఫికెట్ మీద సంతకం ఎవరిదో, ఆ సంస్థ ఎన్‌సీటీఈ జాబితాలో ఉందో లేదో చూడాలి. వస్తువులన్నీ ఉన్న గదిని ఒకసారి కళ్లారా చూడాలి, నిజమైన పిల్లల మధ్య ఎన్ని గంటల సాధన ఉంటుందో అడగాలి. గులాబీ గోపురం చేత్తో ముట్టుకోకుండా ఫోన్‌లో వీడియోలు చూసి పూర్తయ్యే కోర్సు ఈత పుస్తకం చదివి రామకృష్ణా బీచ్‌లో దిగడం లాంటిది.

అమెరికాలో ఎలా కలిపారు

1960ల తర్వాత అక్కడ మాంటిస్సోరి తిరిగి లేచింది. సిన్సినాటిలోని జేవియర్ విశ్వవిద్యాలయం, మేరీల్యాండ్‌లోని లయోలా విశ్వవిద్యాలయం వంటివి పద్ధతి శిక్షణను పీజీ చదువులో కలిపాయి. లయోలాలో ఏఎంఐ శిక్షణే ఎంఈడీ క్రెడిట్లలో భాగమవుతుంది. ఆల్బమ్‌లూ, వస్తువుల సాధనా శిక్షకుల చేతిలో ఉంటాయి. పరిశోధన, శిశు మనస్తత్వ శాస్త్రం, పట్టా విశ్వవిద్యాలయం చూసుకుంటుంది. శిక్షణ కేంద్రాలను పరిశీలించడానికి మ్యాక్టీ అనే మండలి ఉంది, దాన్ని అక్కడి ఫెడరల్ విద్యాశాఖ గుర్తించింది. రాష్ట్రాలిచ్చే టీచర్ లైసెన్సు మళ్లీ వేరే. కొన్ని రాష్ట్రాలే మాంటిస్సోరి డిప్లొమాను దానికి లెక్కలోకి తీసుకుంటాయి. అంటే అక్కడా చిక్కు పూర్తిగా విడిపోలేదు. కాకపోతే ఒకే విద్యార్థి ఒకే కాలంలో రెండూ చేసుకునే వీలు ఏర్పడింది.

తెలుగు అక్షరం దగ్గర అసలు పని

విశ్వవిద్యాలయం ఈ చదువులోకి వస్తే పట్టా ఇవ్వడం కన్నా పెద్ద పని ఒకటి ఉంది. అది భాష.

మాంటిస్సోరి గదిలో గరుకు కాగితం అక్షరాలుంటాయి. పిల్ల రెండు వేళ్లతో అక్షరం మీద రాస్తూ ధ్వని పలుకుతుంది. ఇంగ్లిషులో అక్షరం పేరు వేరు, ధ్వని వేరు, ఆ తేడా నేర్పడానికి టీచర్లు తంటాలు పడతారు. తెలుగులో ‘క’ పేరూ క, పలుకూ క. ఇక్కడ మన పిల్లలకు పని తేలిక.

తర్వాతి మెట్టు కదిలే అక్షరాలు. పెట్టెలో విడివిడి అక్షరాలుంటాయి, పిల్ల మనసులోని మాటను వాటితో పేర్చుకుంటుంది. చదవడం రాకముందే రాయడం ఇలా వస్తుంది. ఇటాలియన్ భాషకు ఇది అతికినట్టు సరిపోయింది. అచ్చూ హల్లూ విడిగా ఒకదాని పక్కన ఒకటి కూర్చునే లిపి అది. తెలుగు అలా కాదు. ‘క’కు గుడి పెడితే తలకట్టు పోతుంది. కొమ్ము పక్కన చేరుతుంది, ఏత్వం నెత్తికెక్కుతుంది, వత్తు కిందికి దిగుతుంది. త, న, మ, య, ర, ల వత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. మరి పెట్టెలో ఏ ముక్కలుండాలి? తలకట్టు తీసి పెట్టుకునేలా హల్లు చేయాలా? గుణింతమంతా విడి ముక్కలుగా చేస్తే పెట్టె ఎంత పెద్దదవుతుంది?

ఇంకో చిక్కు ఉంది. మన మొదటి పాఠాల్లో వత్తులు లేని మాటలు ముందొస్తాయి: అల, వల, తల, పడవ. జాలరిపేట పిల్లలకు ఇవి నోట్లో నానిన మాటలే. కానీ ఏ పిల్లకైనా అన్నిటికన్నా దగ్గరి మాటలు చూడండి. అమ్మ, నాన్న, అక్క, అన్న, తమ్ముడు, చెల్లి, అత్త, మామయ్య. అన్నిటిలోనూ వత్తు ఉంది. పిల్ల తన మనసులోని మాటతోనే రాత మొదలుపెట్టాలన్నది మాంటిస్సోరి సూత్రమైతే, మన క్రమంలో చివరన వచ్చే వత్తు ఇక్కడ మొదటి రోజే కావాలి. అచ్చులు, హల్లులు, గుణింతాలు, వత్తులు అన్న వరసను ఎక్కడ సడలించాలో, ఎక్కడ ఉంచాలో తేల్చాలంటే పిల్లల మధ్య ఏళ్ల తరబడి గమనించి రాసుకున్న ఆధారం కావాలి. ఏ ఒక్క ప్లే స్కూలుకూ ఇది సాధ్యమయ్యే పని కాదు. భాషాశాస్త్రం, తెలుగు, విద్యా విభాగాలు ఒకే ప్రాంగణంలో ఉన్నచోట చేయవచ్చు.

లెక్కల్లో మాత్రం తెలుగు ముందే సిద్ధంగా ఉంది. ఇరవై దాటాక ‘ఇరవై ఒకటి, ఇరవై రెండు’ అని పదులూ ఒకట్లూ విడివిడిగా వినిపిస్తాయి. పది పూసల కడ్డీలు రెండు, విడి పూస ఒకటి పెడితే చేతిలో ఉన్నదే నోట్లోకొస్తుంది. ఇంగ్లిషు మీడియం మోజులో ఈ అంకెలను వదులుకుంటున్న బడులు చాలానే ఉన్నాయి. ఇది నష్టమే.

ముందు ఏం మారవచ్చు

2020 జాతీయ విద్యావిధానం 3 నుంచి 8 ఏళ్ల వయసును ‘పునాది దశ’ అని ఒకే ముక్క చేసింది. అంగన్‌వాడీ, బాలవాటిక, ఒకటి, రెండు తరగతులు అందులోకి వస్తాయి. 2022 అక్టోబరులో ఈ దశకు జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం వచ్చింది. అది మాంటిస్సోరినే పాటించమని చెప్పలేదు, ఆట ద్వారా, వస్తువుల ద్వారా, ఇంటి భాషలో నేర్పమంది. 2030 నాటికి నాలుగేళ్ల ఇంటిగ్రేటెడ్ బీఈడీ టీచర్లకు కనీస అర్హత కావాలన్నది లక్ష్యం. ఐటెప్‌గా పిలిచే ఆ కోర్సులో పునాది దశను విడి విభాగంగా ఎంచుకునే వీలుంది. ఇంటర్ తర్వాత జాతీయ ప్రవేశ పరీక్ష రాసి చేరవచ్చు. అంగన్‌వాడీ కార్యకర్తల్లో ఇంటర్ చదివినవాళ్లకు ఆరు నెలల సర్టిఫికెట్, అంతకన్నా తక్కువ చదివినవాళ్లకు ఏడాది డిప్లొమా ఇవ్వాలని కూడా విధానంలో ఉంది.

మూడేళ్ల పిల్ల టీచర్‌కు డిగ్రీ స్థాయి చదువు మన వ్యవస్థలో మొదటిసారి పెద్ద ఎత్తున వస్తున్నది ఇలాగే. ప్రమాదం కూడా ఇక్కడే ఉంది. పాత బీఈడీ పద్ధతిలోనే మూడు గంటల రాత పరీక్షలతో దీన్ని నడిపితే ‘ఇంద్రియ శిక్షణ గురించి వ్రాయుము’ అన్న ప్రశ్నకు పది మార్కుల జవాబు రాసేవాళ్లు తయారవుతారు, స్తూపాల పెట్టెను చప్పుడు కాకుండా తెచ్చి చాప మీద పెట్టగలిగేవాళ్లు తయారవరు. వైద్య కళాశాలకు ఆసుపత్రి అనుబంధంగా ఉన్నట్టు ఈ కోర్సుకు పిల్లల గది ఉండాలి. కేజీహెచ్ ఆసుపత్రి వార్డులు లేకుండా ఆంధ్ర వైద్య కళాశాలను ఊహించలేం కదా.

అలాంటి గది కోసం కొత్త భవనం కట్టనక్కర్లేదు. ఏ కాలేజీకి చూసినా నడిచి వెళ్లే దూరంలో అంగన్‌వాడీ ఉంటుంది. వస్తువుల్లో చాలావాటిని వడ్రంగి చేత చేయించుకోవచ్చు. ఏటికొప్పాక ఎంతో దూరం లేదు. అంకుడు కర్రతో లక్క బొమ్మలు తిప్పే ఆ చేతులకు పది స్తూపాల కొలతలు ఇస్తే చాలు. కొలతల్లో మిల్లీమీటరు తేడా రాకుండా చూసుకోవాలి, ఎందుకంటే గుంటలో స్తూపం వదులైతే తప్పు తెలియదు. నాలుగేళ్లూ అదే అంగన్‌వాడీకి వారానికి రెండు రోజులు వెళ్లి, అదే పిల్లలు మూడేళ్ల నుంచి ఆరేళ్లకు ఎదగడం చూసి రాసుకున్న విద్యార్థి చేతిలో చివరికి ఒక తెలుగు ఆల్బమ్ ఉంటుంది. అక్కడి కార్యకర్తకు ఆ నాలుగేళ్లలో తోడు దొరుకుతుంది.